ఖాళీ అని ఎవరు చెప్పేరండీ

ఫ్లెక్సీ మీద ‘శాంతమూర్తి’ అని రాసేరు.

కాలేజీ గేటు దగ్గర ఆ మాట చూసి స్కూటరు మీదే ఆగిపోయేను. ఒళ్లు మండిపోయింది. మా మేడమ్ గారిని ఎరిగినవాళ్లు ఆవిడ గురించి నూరు మాటలు చెప్పొచ్చు. మొండిమనిషి అనొచ్చు, నోటిదురుసు అనొచ్చు, ఎవరికీ లొంగేది కాదనొచ్చు. శాంతం అన్నది ఆ నూరింటిలోనూ ఉండదు. ఫోటో ఏదో వీడ్కోలు పార్టీలో తీసింది. పక్కనున్నవాళ్లని కత్తిరించేసేరు. అందులో ఆవిడకి ముందుపళ్లు రెండూ ఉన్నాయి. అంటే తొమ్మిదేళ్లకి ముందుది. కింద ‘సంతాప సభ, అధ్యక్షత’ అని మా కరస్పాండెంటు గారి పేరు, ఆవిడ పేరుకన్నా పెద్ద అక్షరాల్లో. ఆవిణ్ణి ఉద్యోగంలోంచి తీసేసింది ఆయనే. ఆయన కాలేజీలోనే నేను ఇప్పటికీ ఫిజిక్సు చెబుతున్నాను.

ఆ సభలో ఏం జరిగిందో చెబుతాను. దానికి ముందు ఆవిడ కోపం ఎలాంటిదో చెప్పాలి.

మేడమ్ గారు కెమిస్ట్రీ చెప్పేవారు. ఇంటర్లో నేను ఆవిడ దగ్గర చదువుకున్నాను. తర్వాత అదే కాలేజీలో లెక్చరర్‌గా చేరి, స్టాఫ్ రూములో ఆవిడ ఎదురు కుర్చీలో కూర్చున్నాను. సన్నటి మనిషి. నూలు చీర, భుజానికి గుడ్డసంచి, వేళ్లకి ఎప్పుడూ సుద్దపొడి. మా కోనసీమలో ఎవరం అండీ అనకుండా మాట పూర్తిచెయ్యం. తిట్టినా అండీ, కొట్టినా అండీ. ఆవిడ లెక్క మాత్రం వేరు. మామూలుగా ఉన్నప్పుడు పిల్లల్ని ‘ఏరా’, ‘ఏమే’ అనేవారు. కాస్త చిరాకేస్తే ‘నువ్వు’. కోపం ముదిరితే ‘మీరు’. “మీరు కొంచెం లేచి నిలబడతారా అండీ” అన్నారంటే ఆ పిల్లాడి పని అయిపోయినట్టే. ఒకసారి బోర్డు పరీక్షలకి స్క్వాడుగా వచ్చినాయన ఆడపిల్లల సంచులు తన చేత్తో తడుముతుంటే, “అయ్యగారూ, తమరు దయచేసి బయటికి పోతారా అండీ” అన్నారు. ఆయన నిజంగానే పోయేడు.

‘ఆయ్’ అంటే పడేది కాదు. మేమందరం అలవాటు కొద్దీ ప్రతిదానికీ ఆయ్ అనేవాళ్లం. “ఆయ్ అన్నంత మాత్రాన నీకు అర్థమైందని నేనెలా అనుకోనురా? నేను చెప్పింది నువ్వు మళ్లీ చెప్పు” అనేవారు. చెప్పలేకపోతే మళ్లీ మొదట్నుంచీ చెప్పేవారు. బెల్లు కొట్టినా వదిలేవారు కాదు. తర్వాత పీరియడు మాస్టారు గుమ్మంలో నిలబడి ఉండేవారు పాపం.

ఇంకో మాట కూడా పడేది కాదు. ఖాళీ. ల్యాబులో అటెండరు “ఈ సీసా ఖాళీ అండీ, కడిగెయ్యమంటారా” అంటే, “నీళ్లు లేని సీసా అను. ఖాళీ అని ఎవరు చెప్పేరు నీకు?” అని విరుచుకుపడేవారు. అతను నవ్వేసి ఊరుకునేవాడు. మాకు మాత్రం వింతగా ఉండేది. ఎందుకంటే వాయువుల పాఠంలో మాకు నేర్పింది దానికి పూర్తిగా వ్యతిరేకం.

ఆ పాఠం నాకింకా గుర్తుంది. “గాలిలో అణువుకీ అణువుకీ మధ్య ఏముంటుంది?” అని అడిగేరు. క్లాసంతా ఒక్క గొంతుతో “గాలండీ” అన్నాం.

ఆవిడ సుద్దముక్క బల్లమీద పెట్టేసేరు. “గాలి మధ్యలో గాలా అండీ? బియ్యపు గింజకీ గింజకీ మధ్య ఏముందంటే బియ్యం అంటారా అండీ తమరు?”

అండీలు పడేసరికి అందరం తలలు దించుకున్నాం. పుస్తకంలో ఒక బొమ్మ ఉంది. సీసా గీసి, అందులో ఒత్తుగా చుక్కలు పెట్టి, కింద వాయువు అని రాసేరు. ఆ బొమ్మ చూపించి, “ఇది గీసినవాణ్ణి నా ఎదురుగా నిలబెట్టండి. ఇది వాయువు కాదు, గసగసాల డబ్బా” అన్నారు. మమ్మల్ని వెనకాల కొబ్బరితోటలోకి తీసుకుపోయేరు.

ఆవేళ అక్కడ కాయల దింపు జరుగుతోంది. చెట్లెక్కినవాళ్లు గెలలు నరికి కింద పడేస్తుంటే ఇద్దరు రాశి పోస్తున్నారు. తోట రైతుని అడిగి పీచుకాయలు ఓ డజను పట్టుకొచ్చి, ఒక్కోటీ ఒక్కొక్కరి చేతికిచ్చేరు. “ఈ కాయ గాలిలో ఒక అణువనుకోండి. పక్క అణువు ఎక్కడుంటుందో అక్కడ నిలబడండి” అన్నారు. మేం పక్కపక్కనే చేరేం. “దూరం” అన్నారు. జానెడు జరిగేం. “ఇంకా దూరం.” చివరికి ఒక్కొక్కరికీ మధ్య పది కాయలు వరసగా పట్టేంత ఎడం వచ్చింది, ఆరడుగుల పైచిలుకు. “ఇది పక్కకి. ఇంతే ఎడం వెనక్కీ, ఇంతే ఎడం పైకీ” అని తలెత్తి, చెట్టు మీదున్న మనిషిని కేకేసి, “నువ్వూ ఒక కాయ పట్టుకో నాయనా” అన్నారు. ఆయన “ఆయ్” అని గెలమీద చెయ్యేసి నిలబడ్డాడు. ఆ ఒక్క ఆయ్‌కే ఆవిడ కోప్పడలేదు.

“పదింటిని పదితో, మళ్లీ పదితో హెచ్చించండి. వెయ్యి కాయలు పట్టే చోట ఒక్కటే కాయ. మిగతా చోటంతా ఏముంది?”

ఈసారి ఎవరం గాలి అనలేదు. “ఏమీ లేదండీ” అన్నాం.

“ఏమీ లేదు. ఇంచుమించు లెక్కే గాని, తప్పు లెక్క కాదు. నమ్మకపోతే ఇంటికెళ్లి గిన్నెలో నీళ్లు మరిగించండి. లీటరు నీళ్లు ఆవిరైతే దాదాపు పదిహేడు వందల లీటర్ల చోటు కావాలి. నీళ్లలో ఉన్న అణువులే అవి. ఒక్కటి కూడా లావెక్కలేదు. దూరం జరిగేయంతే.”

నేను చెయ్యెత్తి అడిగేను. “అంత ఖాళీ ఉంటే మరి సీసాని ఖాళీ అంటే ఎందుకు తిడతారండీ?”

పక్కనున్నవాళ్లు నన్ను గిల్లేరు. ఆవిడకి కోపం రాలేదు. దగ్గరికొచ్చి నా చేతిలో కాయ తీసుకుని, “ఏరా, ఇది లెక్కేసి చెప్పిన ఖాళీ. అటెండరుది కంటితో చూసి చెప్పిన ఖాళీ. ఇంత చోటుంది కాబట్టి గాలిలోకి ఇంకో వాయువు ఏదొచ్చి చేరినా సీసా నిండదు, పొంగదు, రంగు మారదు. నీ కంటికి అలాగే ఉంటుంది. ఎక్కడికైనా దూరేముందు అడగాలి, ఖాళీ అని ఎవరు చెప్పేరని” అన్నారు.

అప్పటికి నాకు పదహారేళ్లు. సగమే అర్థమైంది. మిగతా సగం అర్థమయ్యేటప్పటికి ఒక మనిషి పోయేడు.

మా కాలేజీ హాస్టలు వెనకాల సెప్టిక్ ట్యాంకు ఉంది. తొమ్మిదేళ్ల కిందట వేసవి సెలవుల్లో, మేం అడ్మిషన్ల పనికి వస్తున్న రోజుల్లో, దాన్ని బాగుచేయించేరు. మురుగు లాగే ఇంజను బండి వచ్చింది గాని, సందు ఇరుకు. గొట్టం అడుగుదాకా అందలేదు. పైనున్నది లాగేసి వెళ్లిపోయింది, అడుగున మడ్డి ఉండిపోయింది. మర్నాడు మనుషుల్ని దింపి బకెట్లతో తోడించాలని నిర్ణయించేరు. ఆ సంగతి సాయంత్రం మేడమ్ గారి చెవిన పడింది. అప్పటికప్పుడు కూర్చుని ఒక కాయితం రాసేరు. లోపల విషవాయువు ఉంటుంది, మూత తీసి ఉంచినంత మాత్రాన పోదు, మనిషిని దింపొద్దు, దింపితే చచ్చిపోతాడు, అని. నాకిచ్చి, “తప్పులున్నాయేమో చూడు” అన్నారు. నేను చదివేను. ఆవిడతో ఆఫీసుకి వెళ్లేను. లోపల కరస్పాండెంటు గారు ఉన్నారు. చదివి, “చూద్దాం లెండి మేడమ్” అని సొరుగులో పెట్టేరు. నేను ఇదంతా పక్కన నిలబడి చూసేను.

మర్నాడు పొద్దున్న అన్నదమ్ములిద్దరొచ్చేరు. అబ్బులు, శ్రీను. పని మొదలుపెట్టే ముందు అబ్బులు క్యాంటీను దగ్గర ఇడ్లీ తింటూ నన్ను పలకరించేడు. “మాస్టారూ, మా పాప టెన్త్ రాసిందండి. ఇక్కడ సీటు ఇత్తారాండీ?” అని అడిగేడు. ఎన్ని మార్కులు రావచ్చంటే, సైన్సులో ఫస్టండీ అన్నాడు. రెండు మూడు నిమిషాలు ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకున్నాం. కాయితం ఇచ్చేం కదా, దింపరులే అనుకుని గోతి మాట ఎత్తలేదు. అతని దగ్గర మందు వాసన లేదు, మాట తడబడలేదు. ఈ వాక్యం గుర్తుపెట్టుకోండి. నేను మర్చిపోయినట్టు నటించిన వాక్యం ఇదే.

అబ్బులు నిచ్చెన మీద నాలుగు మెట్లు దిగేడట. అయిదో మెట్టు మీంచి కేక కూడా లేకుండా పడిపోయేడు. శ్రీను అరిచిన అరుపుకి నేను వరండాలోకి వచ్చేను. మేడమ్ గారు నాకన్నా ముందే మేడ మెట్లు దిగి పరుగెడుతున్నారు. ఆ పరుగు నేనెప్పుడూ చూళ్లేదు. శ్రీను ఒక కాలు గోతిలో పెట్టేసేడు. ఆవిడ వెనకనించి చొక్కా పట్టుకున్నారు.

“వదలండి మేడంగారూ! మా అన్నయ్యండి! లోపల మా అన్నయ్యండి!”

“నువ్వు దిగితే నువ్వూ పోతావురా!”

“ఖాళీగానే ఉందండి! నీళ్లు కూడా లేవండి!”

“ఖాళీ అని ఎవరు చెప్పేర్రా నీకు!”

అతను విదిలించుకుంటూ మోచేత్తో కొట్టేడు. ఆవిడ నోరు రక్తమైంది. చొక్కా చిరిగిపోతే జుట్టు పట్టుకున్నారు. నన్ను చూసి, “పట్టుకోరా!” అని అరిచేరు. వెళ్లి అతని నడుం పట్టుకున్నాను. ముగ్గురం ఆ సిమెంటు గట్టుమీద పడ్డాం. ఎవరో ఫ్యాను తెమ్మంటే ఎవరో తాడు తెచ్చేరు. లోపలి మనిషి తాడు పట్టుకునే స్థితిలో లేడు. ఫైరింజను వాళ్లు ముసుగులు వేసుకుని దిగేదాకా శ్రీనుని అలాగే నేలకి అదిమిపెట్టి ఉంచేం. అంతసేపూ అతను మమ్మల్ని శపించేడు. ఆవిడ వినిపించుకోలేదు. రక్తం చీరకి తుడుచుకుంటూ, “వెయ్యి అణువుల్లో ఒక్కటి చాలురా. ఒక్కటి చాలు” అంటున్నారు. నాతో కాదు, ఎవరితోనూ కాదు.

అబ్బుల్ని బయటికి తీసేసరికి అంతా అయిపోయింది.

రెండో రోజు మీటింగు హాల్లో స్టాఫందరి ముందూ టైపు చేసిన కాయితం పెట్టేరు. పనివాళ్లని తెచ్చింది వేరే మేస్త్రీ, యాజమాన్యానికి తెలియదు, లోపలికి దిగొద్దని ముందే హెచ్చరించేం, చనిపోయిన వ్యక్తి ఆ సమయానికి మద్యం సేవించి ఉన్నాడు. కింద మా పేర్లు. పదకొండు మంది సంతకాలు పెట్టేరు. పదకొండోది నాది. నాకు కొత్తగా పెళ్లయింది, ఉద్యోగం పర్మినెంటు కాలేదు. ఇవి కారణాలు కావు. భయపడ్డాను. దానికి ఇంకో పేరు లేదు.

మేడమ్ గారు ఆ కాయితం రెండు వైపులా తిప్పి చూసి కరస్పాండెంటు గారి ముందుకి తోసేరు. “నేను రాసిచ్చిన కాయితం తమరి సొరుగులో ఉందండి. అది బయటికి తియ్యండి. దానిమీద సంతకం ఉందండి నాది” అన్నారు. పై నెల నించి రానక్కర్లేదని ఆయన ఆవిడతో చెప్పేరు. సొరుగులో కాయితం ఏమైందో ఎవరికీ తెలీదు. ఆవిడ తన దగ్గరున్న నకలు పట్టుకుని పోలీసుస్టేషను చుట్టూ తిరిగేరు. చదివిన సాక్షి ఎవరని అడిగితే నా పేరు చెప్పేరట. నన్ను ఎస్సై గారు పిలిపించి అడిగితే, గుర్తులేదండి అన్నాను.

ఆ సాయంత్రం ఆవిడ మా ఇంటికొచ్చేరు. లోపలికి రమ్మంటే రాలేదు. పన్ను ఊడిన చోట ఇంకా వాపు ఉంది. గుమ్మంలో నిలబడి అన్నారు. “తెలీక చేసినవాళ్లు పదిమంది ఉన్నారండి. వాళ్లకి నేను పాఠం చెప్పలేదు. మీకు చెప్పేను. మీకు తెలుసండి.”

మీకు. తెలుసండి. పధ్నాలుగేళ్ల పరిచయంలో ఆవిడ నన్ను మీరు అనడం అదే మొదటిసారి. ఆ తర్వాత నాతో మాట్లాడనే లేదు.

తర్వాతి సంగతులు నేను విన్నవే. కొత్తపేటలో అద్దెగది తీసుకుని ట్యూషన్లు చెప్పుకున్నారు. చుట్టుపక్కల ఏ ఊళ్లో గొయ్యి తీస్తున్నారన్నా, పాత నూతిలోకి మనిషిని దింపుతున్నారన్నా పాత స్కూటీ వేసుకుని పోయేవారట. దీపం దింపి చూసేం, ఆరలేదండీ అని అక్కడివాళ్లంటే, “దీపానికి ముక్కుందాండీ, విషం కనిపెట్టడానికి?” అని తగువు పెట్టుకునేవారట. ఇంజను బండి వచ్చేదాకా గొయ్యి మూతమీద కుర్చీ వేసుకుని కూర్చున్న రోజులున్నాయని చెబుతారు. జనం ‘గోతి మేడమ్’ అని పేరు పెట్టేరు. మా స్టాఫ్ రూములో కూడా ఆ పేరు చెప్పుకుని నవ్వేవాళ్లు. నేను నవ్వలేదు. నవ్వొద్దని చెప్పనూ లేదు.

పోయిన వారం ఆవిడ గుండె ఆగిపోయింది. అంతే.

ఇప్పుడు సభ సంగతి. పాత విద్యార్థులు హాలు అడిగితే కరస్పాండెంటు గారు ఇచ్చి, అధ్యక్షత కూడా తనే పుచ్చుకున్నారు. మైకు ముందు ఆయన గొంతు తడి చేసుకుని, “మేడమ్ గారు మా సంస్థకి మూలస్తంభం. కోపమన్నది ఎరగని తల్లి. అనారోగ్యం వల్ల తమంతట తామే విశ్రాంతి కోరుకుని వెళ్లేరు గాని...” అన్నారు.

నేనెప్పుడు లేచేనో నాకు తెలీదు.

“అబద్ధమండి” అన్నాను.

హాలంతా తిరిగి చూసింది. పక్కనున్న మాస్టారు నా చెయ్యి పట్టుకుని, “కూర్చోండి, ఇది సందర్భం కాదు” అన్నారు. విదిలించుకుని ముందుకి వెళ్లేను. “ఆవిడంతట ఆవిడ వెళ్లలేదండి, మీరు తీసేసేరండి. దింపొద్దని ముందురోజే కాయితం రాసిచ్చేరండి. మీరు సొరుగులో పెడుతుంటే నేను చూసేనండి. అబ్బులు తాగి లేడండి. తాగేడని సంతకం పెట్టినవాళ్లలో నేనొకణ్ణండి.” అప్పటికి మైకు కట్టేసేరు. నా గొంతు హాలుకి సరిపోయింది. ఇద్దరు అటెండర్లు వచ్చి నా రెండు పక్కలా నిలబడ్డారు. ఇద్దరూ నాకు తెలిసినవాళ్లే. “రండి మాస్టారూ” అన్నారు మెల్లిగా. కరస్పాండెంటు గారు, “వారికి ఒంట్లో బాగోలేదు, మనం రెండు నిమిషాలు మౌనం పాటిద్దాం” అన్నారు. అందరూ లేచి నిలబడ్డారు. ఆవిడ శిష్యులు, రెండొందల మంది.

బయటికొచ్చేసేను. గేటవతల నలిగిన పూలదండ ఒకటి చేత్తో పట్టుకుని శ్రీను నిలబడి ఉన్నాడు. తొమ్మిదేళ్లలో జుట్టు పలచబడింది. పక్కన గోతుల్లో మురుగు లాగే ట్యాంకరు బండి. మేడమ్ గారే ఎవర్నో పట్టుకుని మండపేటలో ఆ బండి మీద పని ఇప్పించేరట. నాలుగేళ్లు ఆవిడ మొహం చూడనన్నాడట. ఏటా అబ్బులు పోయిన రోజున ఆవిడే వెళ్లి వాళ్ల గుమ్మంలో కూర్చుని వచ్చేవారట.

“పని బట్టలండి. లోపలికి రాలేకపోయేనండి. మీ అరుపు ఇక్కడికి ఇనపడింది” అన్నాడు.

“నేను సంతకం పెట్టేను శ్రీనూ” అన్నాను.

“తెలుసండి. పదకొండు పేర్లూ మేడంగారు చదివి ఇనిపించేరండి నాకు.”

“నా పేరు దగ్గర ఏమైనా అన్నారా?”

ఆలోచించేడు. “అన్లేదండి. ఆగేరండి. ఆగి మళ్లీ చదివేరు.”

ఎదురుగా జిరాక్సు కొట్టు ఉంది. నాలుగు తెల్లకాయితాలు తీసుకుని అక్కడి బల్లమీదే వాంగ్మూలం రాయడానికి కూర్చున్నాను. పేరు, తండ్రి పేరు, వృత్తి, ఎక్కడ పనిచేసేదీ మొదలుపెట్టేను. శ్రీను కాసేపు చూసి, నా చెయ్యి మీద చెయ్యి వేసేడు.

“ఇది కోర్టుకి పనికొత్తదో లేదో నాకు తెల్దండి. ముందు మా అన్నయ్య తాగలేదని రాయండి. నేనెంత చెప్పినా మా అమ్మ ఇప్పటికీ తాగి పడ్డాడనే అనుకుంటదండి. తొమ్మిదేళ్లుగా చర్చిలో ఎవరి పక్కనా కూర్చోదు. గోడకి చేరబడి కూర్చుని వచ్చేత్తది.”

అదే ముందు రాసేను. ట్యాంకరులో అతని పక్కన కూర్చుని మురమళ్ల దాటి వాళ్ల ఊరు వెళ్లేను. మధ్యాహ్నం రెండయింది. ముసలావిడ అరుగుమీద కొబ్బరీనెలు తీస్తోంది. శ్రీను ఆవిడ చెవి దగ్గర వంగి, “అమ్మా, కాలేజీ మాస్టారు. అన్నయ్య గురించి రాసేరు, ఇనుకో” అన్నాడు. నేను ఎదురుగా నేలమీద కూర్చుని గట్టిగా చదివేను. అబ్బులు ఆ రోజు పొద్దున్న నాతో మాట్లాడేడు. అతను తాగి లేడు. తన కూతురికి సీటు అడిగేడు.

ఆవిడ ఈనెలు తీయడం ఆపింది. “మీరు సూసేరా బాబూ? మీ కళ్లతో?”

“చూసేనమ్మా.”

“మా వోడు మామూలుగానే ఉన్నాడా?”

“మామూలుగానే ఉన్నాడమ్మా. నవ్వుతూ మాట్లాడేడు.”

చాకు పక్కన పెట్టి, చేతులు చీరకి తుడుచుకుని, ఆవిడ నా మొహంలోకి చూసింది.

“మరి ఇన్నేళ్లూ ఎక్కడికెళ్లేరు బాబూ?” అంది.